పిడి లేని ఆయుధం

మా కాలేజీ నియమాల పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం పేరు ‘దాచి తెచ్చుకునే ఆయుధాలు’. కువైట్‌లో ఒక ప్రైవేటు కాలేజీకి ఆ అధ్యాయం ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చదవలేదు గనక. మా వాళ్ళకు అమెరికాలో ఏదో కాలేజీతో ఒప్పందం ఉంది. అక్కడి పుస్తకం తెప్పించి, వాళ్ళ పేరున్న చోటల్లా మా పేరు పెట్టి అచ్చు వేయించారు. నేను గేటు దగ్గర హాజరు రాసే గుమస్తాను. కట్టలు విప్పి పేజీల నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసే పని నాకిచ్చారు. నంబర్లు చూడమంటే నంబర్లే చూడాలి. కానీ తొమ్మిదో అధ్యాయం దగ్గర నా చెయ్యి ఆగింది.

మొత్తం పందొమ్మిది నియమాలు. లైసెన్సు ఉన్నవాళ్ళు తుపాకీ లోపలికి తెచ్చుకోవచ్చు. కాకపోతే అది ఎవరికీ కనపడకూడదు, కనపడితే నేరం. కనపడనంత వరకు, మీ దగ్గర ఉందా అని గేటులో ఎవరూ అడగకూడదు. రెండుసార్లు చదివాను. ఈ దేశంలో తుపాకీ పెట్టుకుని చదువుకోవడానికి వచ్చేవాడు లేడు. ఉన్నా, వాడి సంగతి మా గేటు దాకా రాకముందే పోలీసులు చూసుకుంటారు. అంటే, రానే రాని వస్తువు గురించి అడగకుండా ఉండటం నా ఉద్యోగంలో ఒక భాగం. మూడేళ్ళు ఆ పని ఒక్క తప్పు లేకుండా చేశాను.

ఆ పుస్తకంతో పాటే ఫారాల పుస్తకం ఒకటి వచ్చింది. ఎవరి దగ్గరైనా ఆయుధం బయటపడితే రాయవలసిన ఫారాలు అవి. ఒకటి నుంచి వంద దాకా నంబర్లు అచ్చు వేసి ఉన్నాయి. ఏదైనా చించితే ఎందుకు చించారో పుస్తకంలో మిగిలిన ముక్క వెనక రాసి సంతకం పెట్టాలి. అది నా సొరుగులో, పాత తాళాల కింద ఉండేది.

ఒక ఆదివారం ఉదయం ఏడున్నరకు, మా కాలేజీలో నేలలు తుడిచే ఒకావిడ సూట్‌కేసు లాక్కుంటూ గేటుకు వచ్చింది. ఆమెది అన్నమయ్య జిల్లా, నాది కడప, అందుకని నన్ను అన్నా అంటుంది. సెలవు మీద ఊరికి పోయి తిరిగి వస్తోంది. విమానం నాలుగు గంటలు ఆలస్యమైంది. ఎనిమిదికి డ్యూటీ. మహబూలాలో గదికి పోయి సామాను పెట్టి వస్తే పూట పోతుంది. ఆ వారమే ఆమె క్లీనింగ్ కంపెనీ ఇఖామాలు, అంటే ఈ దేశంలో ఉండే అనుమతులు, రెన్యువల్ చేసే వాళ్ళ లిస్టు పంపుతుంది. సెలవు దాటినా, కాలేజీ నుంచి ఒక్క ఫిర్యాదు కాగితం అందినా, ఆ పేరు లిస్టులో ఉండదు. ఇఖామా లేకపోతే వచ్చిన విమానమే మళ్ళీ ఎక్కాలి. అందుకే ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వచ్చేసింది.

సెక్యూరిటీ సూపర్‌వైజరు ఈజిప్టు మనిషి. ఆరడుగులకు పైనే ఉంటాడు. చీపురు తప్ప మరోటి ఎప్పుడూ తేని మనిషి సూట్‌కేసు తెచ్చేసరికి విప్పమన్నాడు. తాళం తీస్తే రెండు చీరలు, ఊరగాయ ప్యాకెట్లు, ఒక తువ్వాలు. తువ్వాలు విప్పితే కత్తిపీట.

ఆయన దాన్ని తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. మొదటి క్లాసుకు పిల్లలు వస్తున్న సమయం అది.

“సిలాహ్!” అని అరిచాడు. ఆయుధం అని అర్థం. నా వైపు తిరిగి, “సదీక్, చూడు, ఆయుధం!” అన్నాడు. సదీక్ అంటే మిత్రమా అని.

“ఏందన్నా, ఆయప్ప దాన్ని అట్లా ఎత్తి చూపిస్తాండాడు? ఊరేగింపా?” అంది ఆమె.

“కూరగాయలు కోసుకునేది సార్,” అన్నాను.

“కోసేదైతే చివర ఈ పళ్ళెందుకు?”

“కొబ్బరి కోరడానికి.”

“ముందు కోసి, తర్వాత కోరుతుందా! ఇది చాకు కంటే ఘోరం. ఫారం తీయ్.”

ఆమె బల్ల మీదికి వంగింది. “రాయొద్దన్నా. నీకు దండం పెడతా. గదిలో ఆరుగురం ఉండాం, ఒకటే చాకు. చిక్కుడుకాయ కోస్తే నలుగుతాది గానీ తెగదు. దానికోసరం తెచ్చుకున్నా, అంతే. పేరు రాస్తే నా బతుకు ఖలాస్.”

రాయకుండా ఉండే అధికారం నాకు లేదు. తాళాలు పక్కకు జరిపి పుస్తకం తీశాను. ఒకటో నంబరు ఫారం. దాని మీద ఇంతవరకు పెన్ను పడలేదు.

మొదటి గడి, తెచ్చిన వ్యక్తి. ఆమె పేరు రాశాను. రెండో గడి, ఆయుధం దాచి ఉందా, కనపడుతోందా. తువ్వాలు, ప్యాకెట్లు, చీరలు, సూట్‌కేసు: నాలుగు పొరల కింద దాచి ఉంది అని రాశాను. మూడో గడి, దాన్ని బయటికి కనపడేలా ప్రదర్శించిన వ్యక్తి. ఇక్కడ పెన్ను కాసేపు ఎత్తి పట్టుకున్నాను. ఎటు నుంచి చూసినా జవాబు ఒకటే వచ్చింది. సూపర్‌వైజరు పేరు రాశాను. నాలుగో గడి, చూసినవాళ్ళు ఎందరు. తలెత్తి లెక్కపెట్టాను. ముప్ఫై ఒక్కమంది, అందులో ఏడుగురు ఫోన్లు పట్టుకుని ఉన్నారు.

ఆయన మీద కోపంతో రాశానని తర్వాత కొందరన్నారు. కోపం కాదు. గడి అడిగినదానికి ఉన్నది రాశాను. రాసింది చదువుకున్నాకే, అది ఎంత పని చేయబోతోందో నాకు అర్థమైంది.

సంతకం కోసం ఫారం ఆయన చేతికిచ్చాను.

“నా పేరెందుకుంది ఇక్కడ?”

“గడి అడిగింది సార్.”

“నేను పట్టుకున్నవాణ్ణి!”

“పట్టుకున్నవాళ్ళకు గడి లేదు సార్. ప్రదర్శించినవాళ్ళకు ఉంది.”

“చించెయ్.”

“చించితే ఎందుకు చించామో వెనక రాయాలి. ఏం రాయమంటారు?”

ఆయన కాసేపు ఫారం వైపు, కాసేపు తన చేతిలో ఉన్న కత్తిపీట వైపు చూశాడు. మెల్లగా దాన్ని కిందికి దించి, నడుము వెనక్కి పెట్టుకున్నాడు. “యల్లా, డీన్ దగ్గరికి పదండి” అన్నాడు.

డీన్ మేడమ్ కువైటీ ఆవిడ, తక్కువ మాట్లాడుతుంది. ఫారం చదివింది, పుస్తకం తెప్పించి తొమ్మిదో అధ్యాయం తీసింది. చదువుతున్నకొద్దీ ఆమె కనుబొమలు పైకి పోయాయి. తమ కాలేజీలో ఏమేం తెచ్చుకోవచ్చో ఆమెకూ అప్పుడే తెలుస్తోందని నాకనిపించింది.

“కత్తి అయితే ఐదున్నర అంగుళాలు దాటకూడదట. ఇది ఎంతుంది?”

సూపర్‌వైజరు టేపు తీసి కత్తి వంపు వెంబడి పెట్టాడు. “ఆరు!”

నేను స్టీలు స్కేలుతో మొన నుంచి మొదలు దాకా తిన్నగా కొలిచాను. “ఐదుంపావు.”

“ఏది సరైంది?”

“రెండూ సరైనవే మేడమ్. వంపు పట్టి పోతే ఆరు, తిన్నగా పోతే ఐదుంపావు. అయితే ఈ పుస్తకం ప్రకారం రెండూ చెల్లవు. మొన నుంచి పిడి దాకా కొలవమంటోంది.”

“పిడి ఏది?”

ముగ్గురం వంగి చూశాం. లేదు. మా వెంటే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ ఆమెను తెలుగులో అడిగాను.

ఆమె లోగడ ఆరేళ్ళు ఒక కువైటీల ఇంట్లో పనిచేసింది. పెద్దావిడ ఎవరు కనపడినా ఇంటి యజమానురాలిని పిలిచినట్టు మామా అనే అంటుంది. “పిడి యెందుకు మామా? దీన్ని చేత్తో పట్టుకోరు. కాలి కింద తొక్కి పెట్టుకోవాల,” అని, ఎవరూ కూర్చోమనకుండానే నేల మీద కూర్చుని పీట మీద పాదం పెట్టి చూపించింది. తర్వాత చెయ్యి చాపింది. “ఏమన్నా ఉంటే ఇయ్యి మామా, కోసి చూపిస్తా.”

డీన్ మేడమ్ తన టిఫిన్ డబ్బాలోంచి ఒక కీరదోసకాయ తీసి ఇచ్చింది. నిమిషం పట్టలేదు. ముక్కలు ఇరవై ఆరు, అన్నీ ఒకటే మందం. చివరి ముక్క దాకా ఆమె కత్తి వైపు చూడనే లేదు, మా మొహాలే చూస్తోంది.

“అంటే కత్తి కదలదా?” అంది డీన్. “మరి దీంతో ఎవరినైనా పొడవాలంటే ఆ మనిషి వచ్చి ఎదురుగా కూర్చోవాలా?”

ఆ మాట తెలుగులో చెప్పాను.

“కూచుంటే సాలదు మామా. మెడకాయ ఆయనే ముందుకీ ఎనక్కీ ఆడించుకోవాల.”

అరబ్బీలోకి తిప్పి చెప్పాను. డీన్ మేడమ్ పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. పుస్తకం కదులుతోంది. సూపర్‌వైజరు దగ్గాడు, అది ఉత్త దగ్గు కాదు.

కాసేపటికి డీన్ మేడమ్ పెన్ను తీసుకుంది. “ఈ మూడో గడిలో ఉన్న మనిషికి లైసెన్సు ఉందా?”

“లేదు మేడమ్,” అన్నాడు సూపర్‌వైజరు, చాలా చిన్న గొంతుతో.

“అయితే దీని నకలు క్లీనింగ్ కంపెనీకి పంపాలా? పంపితే అందులో ఇద్దరి పేర్లూ వెళ్తాయి.”

“అక్కర్లేదు మేడమ్. ఖలాస్. కూరగాయలు కోసుకునేదే కదా.”

పొడవు గడిలో ‘పిడి లేదు, కొలవడం కుదరదు’ అని నాచేత రాయించింది. చివరి గడిలో మూడు దారులున్నాయి: పోలీసులకు ఇవ్వడం, అక్కడికక్కడే తిరిగి ఇవ్వడం, వెళ్ళేదాకా ఆయుధాల బీరువాలో ఉంచడం. మూడోదాని ముందు టిక్కు పెట్టి, “మనకు ఆయుధాల బీరువా ఉందా?” అని అడిగింది.

“పుస్తకంలో ఉంది మేడమ్.”

గేటు గదిలో పిల్లలు పారేసుకున్న వస్తువుల బీరువా ఉంది. రెండో అర ఖాళీ చేశాను. కళ్ళజోళ్ళు, చార్జర్లు పై అరకు పోయాయి, కత్తిపీట కింద కూర్చుంది. సాయంత్రం డ్యూటీ దిగి ఆమె సూట్‌కేసుతో వచ్చాక సంతకం పెట్టించి, పీట ఒకటి, కత్తి ఒకటి, పళ్ళు పదకొండు అని సరిచూసి అప్పగించాను.

“పళ్ళు గూడా లెక్కబెట్నావా అన్నా?”

“రేపు పది ఉన్నాయని అంటే నేనేం చెప్పేది?”

గురువారం కంపెనీ లిస్టు వచ్చింది. ఆమె పేరు తొమ్మిదోది. ఇఖామా రెన్యువల్ అయిన రోజు ఫోన్‌లో నాకు చూపించింది, గడువు తేదీ నాచేత రెండుసార్లు చదివించింది. తర్వాత ఒక డబ్బా బల్ల మీద పెట్టింది. చిక్కుడుకాయ వేపుడు.

“చూడన్నా, ఒక్కటన్నా నలిగిందా?”

నలగలేదు.

ఇప్పుడు రోజూ ఉదయం గేటులో ఆమె తన సంచి నోరు వెడల్పుగా తెరిచి సూపర్‌వైజరు ముందు పెడుతుంది. “చూడు సార్, బాగా చూడు. తియ్యి, ఎత్తి చూపించు.” ఆయన తెలుగు నేర్చుకోలేదు గానీ ఆ మాటల అర్థం ఆయనకు తెలుసు. మొహం కారు పార్కింగు వైపు తిప్పేసుకుని, “మూసెయ్, యల్లా, లోపలికి పో” అంటాడు. దాచి తెచ్చుకున్నదాని గురించి గేటులో అడగకూడదన్న నియమాన్ని మూడేళ్ళు నేనొక్కణ్ణే పాటించాను. ఇప్పుడు ఇద్దరం పాటిస్తున్నాం.