బావురుపిల్లికి ఎంత గుండు కావాలి

తుంగభద్ర కాలువ కింద పొలం కొనుక్కుని గోదావరి వైపు నుంచి రాయచూరు జిల్లాకు వచ్చిన కొత్తలో, నా పుట్టింటివాళ్లు గంపలో పెట్టి రైలెక్కించిన కోళ్లలో ఒక్క ఎర్రపెట్టే మిగిలింది. తక్కినవాటిని చీకటి పడే వేళ ఏదో వచ్చి ఎత్తుకుపోయింది. అత్తయ్య తీర్పు చెప్పేసింది. "అదేదో తినేలోపు దీన్ని మనమే తినేద్దాం. ఆదివారం దాకా చూస్తాను." మగవాళ్లు పొలానికి పోతే ఆ పెట్ట తప్ప నాతో కబుర్లాడే ప్రాణి ఆ ఊళ్లో లేదు. నాకు అన్నం సయించలేదు.

మామయ్య ఇడపనూరు నుంచి పేరున్న వేటగాణ్ని పిలిపించారు. తెల్లమీసాలు, భుజాన గొట్టంలో మందు దట్టించి పేల్చే పాత తుపాకి. దమ్ము చేసిన మడిలో అడుగు గుర్తు చూసి ఆయన చతికిలబడ్డాడు.

"చిరుత గిది," అన్నాడు.

పాపం, ఆయన వేటంతా నల్లరేగడి నేలలో. అక్కడ పంజా ఎంతో గుర్తూ అంతే. వరిమడిలో అయితే రాత్రంతా నీరూరి, అంచులు జారి, పిల్లి అడుగు కాస్తా పళ్లెమంత అవుతుంది. మాకు బురద తెలుసు గానీ పంజాలు తెలియవు. ఆయనకు పంజాలు తెలుసు గానీ బురద తెలియదు. కాలువ వచ్చి ఎన్నాళ్లయిందని.

మామయ్య తన రెండు గొట్టాల తుపాకి తెచ్చారు, బాతులు కొట్టే సన్నరవ్వల తూటాలతో.

"గదాంతోని కొడితే చిరుతకు వీపు గోకినట్లుంటదన్నా," అంటూ వేటగాడు సంచిలోంచి ఉసిరికాయంత సీసపు గుండు తీశాడు. "గిది సరిపోతది. మందు గూడ డబల్ పోస్త. ఎరకు ఒక మేకను చూడుండ్రి."

మేక అనగానే నా ప్రాణం లేచొచ్చింది. "కోడి చాలు," అంది అత్తయ్య.

పొద్దువాలాక గట్టు మీద మేకుకు నా పెట్టను కట్టి, మామయ్యా వేటగాడూ గడ్డివాము వెనక నక్కారు. నన్ను రావద్దన్నారు, వచ్చాను. తుంగలోంచి చిరుత రానే వచ్చింది. ఇంట్లో పిల్లికన్నా కాస్త పెద్దది, బూడిదరంగు, చెవుల కొసన నాలుగు వెంట్రుకలు. బావురుపిల్లి. గట్టు మీద కూర్చుని తీరిగ్గా మూతి నాక్కుంది.

వేటగాడు తుపాకి ఎత్తి, మళ్లీ దించాడు. "గీ గుండు తగిల్తే తోక గూడ దొరకదన్నా. ఊళ్ల ఏం చూపెట్టాలె?"

"నా తుపాకి వద్దన్నది నువ్వేగా," అన్నారు మామయ్య. వీపు గోకినట్లుంటదన్న మాటకు ఉడుక్కునే ఆయన దాన్ని ఇంట్లో వదిలేసి వచ్చారు.

ఇద్దరూ గుసగుసగా పోట్లాడుకుంటుంటే పిల్లి పెట్ట మీదికి దూకడానికి పొట్ట నేలకానించింది. నాకు ఒళ్లు మండింది. కుచ్చిళ్లు ఎగదోపి, చెప్పు చేతబట్టి, అరుస్తూ గట్టెక్కాను. ఉలిక్కిపడ్డ వేటగాడి చేతిలో తుపాకి పేలింది. గుండు ఆకాశంలోకి, ఆయన గడ్డివాములోకి, పెట్టను వాటేసుకున్న నేను మడిలోకి. పిల్లి ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. బురదలో పడుకునే నవ్వడం మొదలుపెట్టాను, ఆగితేగా. గడ్డిలోంచి వేటగాడూ అందుకున్నాడు. పెళ్లయి వచ్చాక అంత నవ్వు నవ్వడం అదే మొదలు.

మోతకు అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. నన్నూ, నా చంకలో పెట్టనూ చూసింది. "దీన్ని కొయ్యాలంటే ముందు ఈ పిల్లని కొయ్యాలి," అంది మామయ్యతో. చెయ్యిచ్చి నన్ను లేపింది. ఆ రాత్రి పెట్టను తన మంచం కోడుకే కట్టుకుని పడుకుంది.