చిన్నాయన టిప్పరు, నా కంప్యూటరు రోడ్డు

అన్నీ మనకే తెలుసనుకునే వయసొకటి ఉంటుంది చూశారా, ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో నేను సరిగ్గా ఆ వయసులో ఉన్నాను. ఇబ్రహీంపట్నం కాలేజీలో చదువు, ఒళ్లో ల్యాప్‌టాప్, అందులో నేను సొంతంగా తయారు చేసిన టిప్పరు! కంకర లోడుతో అది మా కాలేజీ ముందు రోడ్డు మీద పరుగెడితే ఏ చక్రం కింద ఎంత బరువు పడుతుందో, రోడ్డు ఎన్నాళ్లకు పగులుతుందో కంప్యూటరు లెక్కగట్టి చెప్పాలి. అదీ నా ప్రాజెక్టు. చెప్పింది కూడా, రోడ్డు నిక్షేపంగా ఉంటుందని! మా సారు ఒకసారి తెరను చూశారు, ఒకసారి కిటికీలోంచి గుంతలను చూశారు. "నీ రోడ్డు మంచిగనే ఉందమ్మా. మరి మన రోడ్డుకేమైంది? సోమవారంలోపు చెప్పు, లేకుంటే నీకు ఈ ఏడాది పోయినట్టే" అన్నారు.

మూడు రోజులు అన్నం సహించలేదు. (తిన్నాను, సహించలేదంతే.) ఆదివారం మా చిన్నాయన ముందు ల్యాప్‌టాప్ పెట్టాను. ఆయన మా కాలేజీ మీదుగా రావిర్యాల వైపు కంకర తోలే టిప్పరు డ్రైవరు. నేను కొలతలు తీసుకున్నది ఆయన బండివే. సంతలో ఎద్దును చూసినట్టు తెరను అటూ ఇటూ చూసి, "గిది నా బండి కాదు" అని తేల్చేశాడు.

"నీదే చిన్నాయనా! టేపు పెట్టి నేనే కొలిచిన."

"మరి గా నడిమి చక్రాలు కిందెందుకున్నయ్?"

"చక్రాలు కిందుండక ఏడుంటయ్?"

"పైన! బటన్ ఒత్తితే లేస్తయ్ గదా. కిందుంటే టైర్లు అరుగుతయ్ బిడ్డా, నేను ఎత్తే పెడ్త."

"లోడు మీద గూడనా?"

"లోడు మీదనే గదా అరిగేది!" అన్నాడు, నా చదువు మీద జాలిపడుతూ.

గబగబా తెర మీద ఆ చక్రాలెత్తి బండిని మళ్లీ నడిపించాను. లోడున్నప్పుడు అవి మోయాల్సిన బరువంతా మిగతా చక్రాల మీద పడింది. స్పీడు బ్రేకరు దాటి బండి ఎగిరిపడే చోట, పగుళ్ల గుర్తుగా తెర మీద రోడ్డు ఎర్రబడసాగింది. రెండు వానాకాలాలు తిరగకముందే గుంతలు, అచ్చం మా కాలేజీ గేటు ముందున్న చోటే! "వచ్చినయ్! గుంతలొచ్చినయ్!" అని గంతులేశాను. రోడ్డు పగిలిందని అంత సంబరపడ్డ మనిషి ఇంకొకరు ఉండరు. చిన్నాయన మాత్రం నవ్వలేదు. "గివి నేను చేసినయా?" అన్నాడు మెల్లగా.

సోమవారం గట్టెక్కాను. ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడితే చిన్నాయన లోడుతో వచ్చాడు, అన్ని చక్రాలూ నేల మీదే! నా కళ్లు చెమర్చాయి. ఇంటికి రాగానే, "ఇగ ఎప్పుడూ దించే తోలుతవా?" అనడిగాను. "మీ కాలేజీ దాటేదాంక బిడ్డా. ఆ తర్వాత నీ రోడ్డు కాదు గదా!" అన్నాడు.

ఇప్పుడు అదే పని నాకు ఉద్యోగం. ఎంత పెద్ద కంప్యూటరిచ్చినా, తెర మీద లారీని కదిలించే ముందు దాని కింద చూడబోయినట్టు నా మెడ వంగుతుంది. పక్కవాళ్లు నవ్వుతారు. అన్నీ తెలిసిన ఆ ఆఖరి ఏడాది పిల్ల గుర్తొచ్చి నేనూ నవ్వుతాను. ఆ పిల్లకున్న ధైర్యం మాత్రం మళ్లీ నాకు రాలేదు.