కుడిచేతి ముద్ద

మా ఆయనకు కుడిచెయ్యి పడిపోయాక నాలుగు నెలల పాటు అన్నం నేనే తినిపించాను. అప్పట్లో అదేదో గొప్ప సేవ అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తిట్టుకోవాలనిపిస్తుంది.

పక్షవాతం తగ్గుముఖం పట్టి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి మాట కాస్త ముద్దగా ఉన్నా అర్థమయ్యేది. ఎడమచేతికి చెంచా ఇస్తే ముఖం తిప్పుకున్నారు. ఎడమచేత్తో అన్నమా? మా ఇళ్ళల్లో చిన్నపిల్లాడు తిన్నా మొట్టికాయ పడుతుంది. కుడిచేత్తో తింటే మెతుకులన్నీ ఒళ్ళో పడేవి. చూడ్డానికొచ్చిన చుట్టాల ముందు ఆయన అలా కనపడటం నాకు ఇష్టం లేదు. అందుకని పప్పన్నం కలిపి, చేపముళ్ళు తీసి, ముద్దలు చేసి నోట్లో పెట్టాను. వచ్చినవాళ్ళంతా "ఎంత అదృష్టవంతులండీ" అంటుంటే పొంగిపోయాను. ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన వ్యాయామాల కాగితం మందుల డబ్బాలోనే ఉండిపోయింది.

ఐదో నెలలో, మా ఆడపడుచు పోరు పడలేక, తణుకు నుంచి ఫిజియోథెరపీ అమ్మాయిని పిలిపించాం. సరిగ్గా భోజనాల వేళకి స్కూటీ దిగింది. నా చేతిలో ముద్ద చూసి, "బాబాయిగారి కుడిచెయ్యి ఏం చేస్తోందండీ?" అని అడిగింది.

"అదేం చేస్తుందమ్మా, పడిపోతేను" అన్నాను విసురుగా.

"దెబ్బ తగిలింది చేతికి కాదండి, మెదడులో దాన్ని నడిపే చోటుకి. పొలానికి నీళ్ళొచ్చే బోదె పూడిపోతే పక్కనుంచి కొత్తది తవ్వుకోరాండీ? మెదడూ అంతే, పక్క చోటుకి ఆ పని నేర్పుకుంటుంది. మొదటి నెలల్లో త్వరగా నేర్చుకుంటుంది. కానీ పని ఇవ్వాలి కదండీ. మీరేమో ఇవ్వట్లేదు."

చెప్పి, ఆయన ఎడమచేతిని తువ్వాలుతో కుర్చీకి కట్టేసింది. నాకు ఒళ్ళు మండింది. బాగున్న చేతిని కట్టేయడమేంటి, ఇదేం వైద్యం అని దులిపేశాను. ఆ పిల్ల నవ్వి, "అది ఊరుకుంటేనే ఇది కదులుతుందండీ" అంటూ కంచం ఆయన ముందుకి జరిపింది.

ఆరోజు అరగంటలో మూడు ముద్దలు తిన్నారు. తర్వాత రోజూ అదే తంతు. ఆకలేసి, విసుగొచ్చి, నన్ను నానా మాటలూ అనేవారు. ఒకరోజు తిట్టలేదు. "ఒక్క ముద్ద పెట్టవే" అని బతిమాలారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను దేనికీ బతిమాలలేదు. వంటింట్లోకి పోయి ఏడ్చాను గానీ, పెట్టలేదు.

వేసవిలో దాళ్వా వరికోతల నాటికి ముద్ద పట్టుకుని నోటిదాకా తేవడం వచ్చింది. అన్నం కలపడం మాత్రం రాలేదు. వేళ్ళు అక్కడితో ఆగిపోయాయి.

ఒకరోజు ఉండబట్టలేక ఆ అమ్మాయిని అడిగేశాను. "మొదట్నుంచీ చేయించి ఉంటే అదీ వచ్చేదా?"

ఆ పిల్ల ఆయన వేళ్ళు ఒక్కొక్కటే చాపి చూసింది. "చెప్పలేమండి. ఇంకొంచెం వచ్చేదేమో" అంది.

వెంటనే మా ఆయన అందుకున్నారు. "దాన్నేమీ అనకమ్మా. ప్రేమగానే పెట్టింది."

తిట్టినా బాగుండేది. ఆ మాట మాత్రం ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు.

ఈరోజుకీ కంచంలో అన్నం నేనే కలుపుతాను. కలిపి చెయ్యి వెనక్కి తీసేసుకుంటాను. ఆయన ముద్ద ఎత్తుతారు, సగం జారిపోతుంది. మళ్ళీ ఎత్తుతారు. నేను చూస్తూ కూర్చుంటాను.