లంకకి పనికొచ్చిన ఎరువు

ఆవేళ రాజోలు నుంచి వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో, తడి తువ్వాల్లో చుట్టిన వరి మొక్కలున్నాయి. ఆకులు పసుపెక్కాయి. వ్యవసాయాధికారికి చూపించి వస్తున్నారట.

"మా గోదావరి లంకలో, మెరక నేల మీద మొక్కజొన్నకి నైట్రేటు ఎరువేస్తే నల్లగా, ఏపుగా లేచిందండి. అదే మా చెల్లెలి చేత వరికీ చల్లించేను. నీళ్లు నిలిచిన చేలో అది నిలవదంటండి, వరికి అందకుండానే పోద్దంట. పాపం, యూరియా చల్లుతానంటే నేనే వద్దన్నాను."

"ఆవిడకి చెప్పేరా?"

"ఇప్పుడు దిగి చెప్పాలండి."

ఆవిడ ఊళ్లో బస్సు ఆగింది. పసుపెక్కిన చేనిగట్టు మీంచి ఒకావిడ గబగబా వచ్చి కిటికీలన్నీ వెతికింది. ఆయన తువ్వాలు మీదికి వంగిపోయారు. దిగలేదు. నేను కిటికీకి అడ్డంగా జరిగాను.

"మా అన్నయ్య తర్వాత బస్సుకొస్తాడేమోలెండి," అని ఆవిడ కండక్టరుతో అనడం మా ఇద్దరికీ వినిపించింది.