మడత పడిన కార్డు చెల్లదు

కొత్త కార్డుల పొట్లం చింపినప్పుడు ఒక వాసన వస్తుంది. రంగు సిరా, జిగురు, పలచటి ప్లాస్టిక్ కాగితం కలిసిన వాసన అది. ఈరోజు మధ్యాహ్నం, నెల్లూరులో ఒక మేడమీది గదిలో, ఆ వాసన మధ్య నిలబడి నేనొక అమ్మాయికి తప్పు జవాబు చెప్పి ఆమెను ఓడించాను.

వారంలో ఆరు రోజులు నాకు కృష్ణపట్నం రేవులో ఓడల కాగితాలు చూసే ఉద్యోగం. ఆదివారం మాత్రం ఈ గదికి వస్తాను. కిశోర్ అనే కుర్రవాడు నడిపే ఆటల దుకాణం ఇది. పిల్లలూ కాలేజీ కుర్రాళ్ళూ పొట్లాలు కొని, అందులో దొరికిన కార్డులు ఒకరికొకరు మార్చుకుని, మంచివి ఏరి పేర్చుకుని, ఎదురెదురుగా కూర్చుని పోటీ ఆడతారు. ఒక్కో కార్డు మీద ఒక వీరుడో రాక్షసుడో ఉంటాడు, కింద చీమతలల్లాంటి అక్షరాలతో వాడేం చేయగలడో రాసి ఉంటుంది. రెండు కార్డులు తలపడినప్పుడు ఏది ముందు, ఏది చెల్లుతుంది అన్న సందేహం వస్తే ఆడేవాళ్ళు చెయ్యెత్తి "జడ్జి!" అని పిలుస్తారు. ఆ జడ్జిని నేనే. మూడేళ్ళుగా ఇదే పని. జీతం లేదు, మెడలో ఒక ట్యాగు, దాని మీద నా పేరు.

ఈరోజు పిలిచింది కావ్య, పదో తరగతి పిల్ల. బిట్రగుంటలో రైలెక్కి ప్రతి ఆదివారం వస్తుంది. ఇది చివరి ఆట, గెలిచినవాళ్ళు విజయవాడ పోటీకి పోతారు. పరీక్షలు దగ్గర పడ్డాయి కాబట్టి ఈరోజు గెలవకపోతే ఇంతటితో కార్డులు చాలించమని వాళ్ళ నాన్న చెప్పాడని, అప్పుడు ఇదే ఆఖరి ఆదివారమని పొద్దున్నే నాతో అంది. ఆమె వీరుడూ ఎదుటివాడి వీరుడూ ఒకే దెబ్బకి కలిసి పడిపోయారు. ఆమె కార్డుకి ఒక గుణం ఉంది, పడిపోతూ పోతూ ఎదుటివైపు నుంచి ఇంకొకణ్ణి వెంట తీసుకుపోతుంది. ఇద్దరూ ఒకేసారి పడినప్పుడు కూడా అది పనిచేస్తుందా అని ఆమె ప్రశ్న. పనిచేస్తే ఆట ఆమెది.

"చెయ్యదు" అన్నాను, ఆలోచించకుండా.

"పుస్తకంలో వేరేగా చదివినట్టు గుర్తు సార్. ఒకసారి చూస్తారా?"

"నాకు తెలీదా అమ్మా? మూడేళ్ళుగా ఇదే చెప్తా ఉండా."

ఎదుట కూర్చున్న తరుణ్ అనే కాలేజీ కుర్రాడు నవ్వాడు. "జడ్జి చెప్పినాక ఇంకేందబ్బా, కానీ."

నిబంధనలన్నీ అచ్చు తీయించి, బైండు చేయించుకున్న పుస్తకం నా భుజాన సంచిలోనే ఉంది. ఆ పిల్ల "చూస్తారా" అన్నప్పుడు నా అరచెయ్యి ఆ సంచి మూతి మీద ఉంది, మూత తీయడానికి కాదు, నొక్కి పట్టడానికి. మరో రెండు ఎత్తుల్లో ఆమె ఓడిపోయింది. ఫలితం చీటీ మీద సంతకం పెట్టి, కార్డులు పెట్టెలో సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగి వెళ్ళింది. గది ఖాళీ అవుతుండగా పుస్తకం తీసి చూశాను. ఆమె చెప్పిందే నిజం.

ఆ నొక్కి పట్టిన చెయ్యి నాకు కొత్తది కాదు. నాకు పదేళ్ళ వయసప్పుడే దానికది అలవాటైంది.

మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరు. మేమున్న రైల్వే క్వార్టర్సు తెల్లదొరల కాలం నాటివి, ఎర్ర ఇటుకల గోడలు, ఇంటి కప్పు ఎంత ఎత్తంటే పిచ్చుకలు గూడు కట్టినా అమ్మ చీపురు అందేది కాదు. ఆవిరి ఇంజన్లు అప్పటికే పోయినా వాటి బొగ్గు మాత్రం నేలలో మిగిలే ఉండేది, గోలీల కోసం గుంట తవ్వితే రెండు వేళ్ళ లోతులో నల్లటి పొడి వచ్చేది, ఆడి ఇంటికొచ్చిన పిల్లల పాదాలు చూసే ఎవరు ఎక్కడ ఆడారో అమ్మలు చెప్పేసేవాళ్ళు. ఎండాకాలం మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు మట్టిదాకలో రాత్రంతా ఊరి మర్నాటి పొద్దున చద్దన్నంలోకి వచ్చేది, క్రిస్మస్ ముందు అమ్మ ఇనప అచ్చు పిండిలో ముంచి నూనెలో విదిలిస్తే గులాబీ పూలు ఒక్కొక్కటే తేలి వచ్చేవి, వానలు పట్టుకున్నాయంటే వారాల తరబడి వరండాలే మా మైదానాలు.

ఆ వరండాల్లోకే కార్డులు వచ్చాయి. బబుల్ గమ్ పొట్లంలో ఒక్కో కార్డు, దాని మీద ఒక మల్లయోధుడి బొమ్మ, కింద వాడి ఎత్తు, బరువు, ఛాతీ కొలత. ఇద్దరు చెరొక కార్డు వేసి, ఛాతీ అంటే ఛాతీ, బరువు అంటే బరువు పోల్చి, ఎవరి అంకె పెద్దదైతే వాడు రెండో కార్డు తీసుకుపోవాలి. బబుల్ గమ్ గులాబీరంగు పొడి కార్డుకి అంటుకుని ఉండేది, నెల తర్వాత కూడా ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యగా కొట్టేది. యోధుల అసలు పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. ఇనప గొలుసులోడు, బట్టతలోడు, చిరుతపులి నిక్కరోడు, ఇవీ మేం పెట్టుకున్న పేర్లు.

పెద్ద పొట్లం కొంటే లోపల ఒక చీటీ వచ్చేది, ఇంగ్లీషులో ఆట నిబంధనలు. కాలనీ పిల్లల్లో కావలికి రైల్లో పోయి ఇంగ్లీషు మీడియం చదివేది నేనొక్కణ్ణే. అందుకని ఏ తగాదా వచ్చినా "ప్రసాదుని అడగండ్రా" అనేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఆ చీటీలో సగం నాకూ అర్థమయ్యేది కాదు, అర్థం కానిచోట ఇంకాస్త గట్టిగా చదివేవాణ్ణి.

చీటీ నలగకుండా బైబిల్లో పెట్టుకున్నాను. జిప్పున్న నల్ల సంచిలో నాన్న ఇచ్చిన బైబిలు అది. చీటీ చూడాల్సి వచ్చినప్పుడల్లా లోపలికి పోయి బైబిలు తెచ్చి, జిప్పు తీసి, కీర్తనల దగ్గర తెరిచేవాణ్ణి. మొదట్లో అది సౌకర్యం కోసమే. రోజులు గడిచేకొద్దీ నేను జిప్పు మీద చెయ్యి వెయ్యగానే పిల్లలు గోల ఆపడం మొదలుపెట్టారు. పెంచలయ్య చెప్పులు విడిచేవాడు. మస్తాను కుళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని వచ్చేవాడు. చీటీ వేరు, బైబిలు వేరు అని నేను వాళ్ళకి ఎన్నడూ చెప్పలేదు.

మస్తాను వాళ్ళ నాన్న కాలనీ గేటు బయట పరుపులు కుట్టేవాడు. దూది ఏకే విల్లు పొద్దుటి నుంచి టంయ్ టంయ్ మంటూనే ఉండేది. మస్తాను కనుబొమల్లో ఎప్పుడూ దూది పింజలుండేవి, అందుకని వాణ్ణి "ఏం తాతా" అని ఏడిపించేవాళ్ళం, వాడు నడుం వంచి దగ్గి చూపించి మమ్మల్నే నవ్వించేవాడు. బబుల్ గమ్ వాడు కొనగా నేను చూడలేదు. ఎవరో ఇచ్చిన ఒక్క కార్డుతో మొదలుపెట్టి, అంకెలన్నీ కంఠతా పట్టి, గెలిచి గెలిచి నలభై దాకా చేశాడు. వాటిని చుట్టగా చుట్టి నిక్కరు మొలతాడులో దోపుకునేవాడు. అందుకే వాడి కార్డులన్నీ వంగి, మూలలు మడతలు పడి ఉండేవి.

చిరుతపులి నిక్కరోడు వాడి దగ్గరే ఉన్నాడు. ఛాతీలో వాణ్ణి మించిన కార్డు కాలనీలో లేదు. మూడు రోజులు వరసగా నేను వాడి చేతిలో ఓడిపోయాను. నాలుగో రోజు, బయట వాన కొడుతుండగా, నా ఆఖరి మంచి కార్డు మీద వాడు చిరుతపులి నిక్కరోణ్ణి వేశాడు.

"ఉండు" అన్నాను. "మూల మడత పడిందిరా. మడత పడిన కార్డు చెల్లదు. ఎదుటోడికి ఇచ్చెయ్యాల."

"యాడ రాసుంది?"

"రూల్లో ఉంది."

లోపలికి పోయి బైబిలు తెచ్చాను. మస్తాను చూరు నుంచి కారే వాననీళ్ళలో చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఈ ఆట ఎంతమంది ఆడవచ్చో చెప్పే వాక్యాన్ని ఇంగ్లీషులో పైకి చదివి, మడత పడిన కార్డు చెల్లదని తెలుగులో చెప్పాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. చీటీ వాడి వైపు తిప్పలేదు, తిప్పినా వాడు చదవలేడు, అయినా తిప్పలేదు. చదవడం అయ్యాక బైబిలు మూసి పైన అరచెయ్యి పెట్టుకున్నాను.

"సరేలే, దేవుడి పుస్తకంలో ఉంటే ఉన్నట్టే" అని వాడు కార్డు ఇచ్చాడు.

అంతటితో ఆగితే ఒక్క కార్డు దొంగతనం. నిబంధన అలా ఆగదు. సాయంత్రానికి కాలనీ అంతా పాకింది. మస్తాను వేసిన ప్రతి కార్డుకీ మడత వెతికారు, దొరికినప్పుడల్లా నా దగ్గరికి తెచ్చి "ఏం ప్రసాదూ, ఇది మడతేనా?" అని అడిగారు. నేను వెలుతురుకి పట్టి, ఒక కన్ను మూసి చూసి, మడతే అని తీర్పు చెప్పాను. రెండు రోజుల్లో వాడి చుట్ట అయిపోయింది. చివరి కార్డు మడత ఎవరికీ కనబడలేదు. వాడే గోటితో చూపించాడు. "ఇది గూడా మడతే. తీసుకోండి" అన్నాడు.

ఆ ఏడు నెల్లూరు రొట్టెల పండక్కి వాళ్ళింట్లో అందరూ పోయారు. కోరిక తీరినవాళ్ళు చెరువులో నిలబడి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పట్టుకుంటారు, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె. తిరిగొచ్చాక మస్తాను అన్నాడు, "కార్డుల రొట్టె ఎవురన్నా ఇస్తారేమోనని చూసినాన్రా. ఇయ్యలా." అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

తర్వాత కొన్నాళ్ళకి పెంచలయ్య వాళ్ళ మామ మద్రాసు నుంచి పెద్ద పొట్లం తెచ్చాడు. అందులో అదే చీటీ. ఇంటర్ చదివే వాళ్ళక్క దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి, మడత మాటే లేదని చెప్పింది. మస్తాను ఒక్కడే మా వరండా మెట్ల దాకా వచ్చాడు, పైకి ఎక్కలేదు.

"నువ్వు దేవుడి పుస్తకంలోంచి చదివినావు గదరా?"

"అది పాత రూలు. ఇప్పుడు మారింది."

"మారితే మొదట నువ్వే గదా చెప్పాల" అన్నాడు. కార్డు అడగలేదు, తిట్టలేదు. ఆ రోజు తర్వాత మా వరండాకి రాలేదు. గేటు బయట విల్లు టంయ్ మంటుంటే అది వాళ్ళ నాన్న ఏకడమో, వాడు ఏకడమో నాకు తెలిసేది కాదు. మరుసటి ఏడు నాన్నకి గూడూరు బదిలీ అయింది. చిరుతపులి నిక్కరోడు ఏ సామాను మూటలో పోయాడో తెలియదు. వెనక్కి ఇద్దామన్నా ఇప్పుడు నా దగ్గర లేడు.

ఈ మధ్యాహ్నం పుస్తకం చూశాక కిశోర్‌తో చెప్పాను. "ఫలితం విజయవాడకి పంపేసినా అన్నా, ఇంక మారదు. ఎవురికీ తెలీదు గదా, వదిలెయ్" అన్నాడు. గదిలో ఇంకా పదిమంది దాకా ఉన్నారు. నిలబడి, కావ్యకి నేను తప్పు చెప్పానని, ఆట ఆమెదేనని అందరికీ వినబడేలా చెప్పాను. తరుణ్ మొహం మాడింది. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు సార్?" అన్నాడు. వాడు చేయాల్సింది ఏమీ లేదు.

సాయంత్రం పాసింజరు పట్టుకుని బిట్రగుంటలో దిగాను. ముప్పై ఏళ్ళలో ఎన్నోసార్లు రైల్లో ఆ ఊరు దాటాను, దిగింది ఇదే మొదటిసారి. మా వరస క్వార్టర్స్‌కి కప్పులు లేవు, గదుల్లో చిల్లకంప మొలిచింది, గేటు స్తంభాల్లో ఒకటే మిగిలింది. పరుపుల అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్ల రిపేరు. అందులో కూర్చున్న పెద్దాయన్ని అడిగితే, స్పాంజి పరుపులు వచ్చినాక వాళ్ళకి పని పోయిందని, ఎటో వెళ్ళిపోయారని, అంతకు మించి తెలియదని చెప్పాడు. విల్లు చప్పుడు ఎలా ఉండేదో చెప్పబోయాను, ఆయన అప్పటికే ఫోనులోకి వంగాడు.

కావ్య వాళ్ళది స్టేషను ఎదుట టిఫిను కొట్టు. ఆ పిల్ల లోపల పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. నన్ను చూసి లేచింది. సంచి మూత తీసి, పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి ఆమె చేతికే ఇచ్చాను.

"నువ్వే చదువమ్మా. పైకి చదువు."

చెయ్యి గౌనుకి తుడుచుకుని ఇంగ్లీషులో చదివి, ఎవరూ అడగకుండానే తెలుగులో చెప్పింది, ఒకేసారి పడినా గుణం పనిచేస్తుందని. తర్వాత, "ఇదే గద సార్ నేను చెప్పింది" అంది.

"అదే. పుస్తకం అప్పుడు నా సంచిలోనే ఉండింది. తీస్తే నా మాట తప్పవుతుందేమోనని తియ్యలేదు. తప్పు నాది."

పెనం మీద దోసె వేస్తున్న వాళ్ళ నాన్న తిరిగి చూశాడు. "అట్టయితే మా పిల్ల విజయవాడ పోతుందా సార్?"

"లేదండీ. రాసేసినారు, మారదు."

"మరి ఈ మాట చెప్పేదానికి ఇంత దూరం ఎందుకొచ్చినారు?"

ఆయన కోపంగా అడగలేదు. వచ్చే ఆదివారం నుంచి ప్రతి బల్ల మీదా ఒక పుస్తకం పెట్టిస్తానని, అడిగినవాళ్ళే ముందు చదవాలని, ఆ తర్వాతే నేను నోరు తెరుస్తానని చెప్పాను. ఆయన దోసె తిప్పి, "మంచిదే" అన్నాడు.

పుస్తకం కావ్య దగ్గరే ఉంచమన్నాను. ఒకసారి వెనక్కి తీసుకుని ఆ పేజీ అంచున, ఈరోజు ఆటలో కావ్య చెప్పిందే సరైనదని, నేను చెప్పింది తప్పని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆ పిల్ల దాన్ని మెల్లగా, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకుంది. నవ్వలేదు. పుస్తకం మళ్ళీ నా ముందు పెట్టింది.

"తేదీ గూడా వెయ్యండి సార్. రేపు మారిందంటారు."

వేశాను.