పిన్ని నవలలోని ఓడ

మా ముత్తాత ఎర్రన్న, తాత లక్ష్మయ్య. వాళ్ల పడవలు ఒడ్డుకు చేరేదాకా పోర్ట్‌బ్లెయిర్‌లో చేపల వేలం మొదలయ్యేది కాదు. ఆ ఇంటి కోడలు మా పిన్ని. డైరీ ఫార్మ్ పేటలోని ఇంట్లో, వంటగది బల్ల మీద నోటుబుక్కులో నవల రాసేది. కూతురు పిలిస్తే తలెత్తకుండా ఎడమచెయ్యి పైకెత్తేది. "ఉండవే, ఈ ముక్క అయిపోనీ."

కూతురికి తెలుగు మాట్లాడటమే వచ్చు. పిన్ని బజారుకెళ్లినప్పుడు ఒకరోజు ఆ నోటుబుక్కు నా దగ్గరికి తెచ్చింది.

"భయ్యా, మమ్మీ ఏం రాస్తోందో జరా చదివి సునావో."

మా తరంలో తెలుగు చదవగలిగింది నేనొక్కణ్నే. ఆ గర్వంతో గొంతెత్తి చదివాను. నవలలో తల్లి, నిద్రపోతున్న కూతుర్ని వదిలి చెన్నై ఓడ ఎక్కుతుంది. రేవు కనుమరుగయ్యాక గుండెల నిండా ఊపిరి పీల్చుకుంటుంది.

తలెత్తితే గుమ్మంలో పిన్ని, చేతిలో కూరల సంచీతో.

"ఆ పాప నేనేనా?" అంది కూతురు.

"కథేనే తల్లీ."

"మరి ఓడలో ఆమె ఏడవదేం, మమ్మీ?"

పిన్ని నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుంది. ఆ తర్వాత కూతురు ఒక్కసారి పిలిస్తే చాలు, లేచి వెళ్లేది. నవల ఆ పేజీ దాటలేదు. నేను క్షమాపణ అడగలేదు. మా వంశంలో ఆ అలవాటు లేదు.

కొన్నాళ్లకు ఆ ఇల్లు అమ్మేశాం. బల్ల కూడా ఇంటితోపాటే పోయింది.