వచ్చినాక పాడాల్సిన చరణం

తమిళనాట తరాలుగా ఉన్న మా తెలుగు ఇళ్ళలో యుద్ధానికి ఒక పాట ఉంది. యుద్ధం అన్న మాట మాత్రం అందులో ఎక్కడా లేదు. ఇంటి మగవాడు పట్టాళానికి, అంటే సైన్యానికి, బయలుదేరే రోజు ఆడవాళ్ళు గడప దగ్గర నిలబడి నాలుగు చరణాలు పాడతారు. కాలికి ముల్లు దిగకుండా పో, చలిలో తల తడుపుకోకు, ఆకలిని దాచుకోకు, ఎవరితోనూ పంతానికి పోకు, అంతే. ఐదో చరణం ఆ రోజు పాడరు. అతను తిరిగొచ్చాక, గడప బయట కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ పాడాలి. అది విన్నాకే అతను లోపలికి అడుగు పెట్టాలి.

మా అవ్వ తండ్రి మదురైలో నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. పెద్ద యుద్ధం రోజుల్లో దేవుడి పెళ్ళి నాటకం మధ్యలో బఫూన్ వచ్చి కిరసనాయిలు దొరకని సంగతీ, బియ్యంలో రాళ్ళ సంగతీ పాడేవాడట. జనం పొట్ట పట్టుకుని నవ్వేవారట. ఆ నవ్వుల మధ్యే హార్మోనియం తాత తమ్ముడు బర్మా పోయే పట్టాళంలో చేరాడు. తిరిగి రాలేదు. పోయాడని కాగితమూ రాలేదు. అందుకని ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లో ఐదో చరణం ఎవరూ పాడలేదు. అవ్వ దాన్ని నాకు రాగం లేకుండా, మాటలుగా చెప్పింది.

"వచ్చితివా నాయనా, కాళ్ళు కడుక్కో, కూడు వేడిగా ఉండాది."

రాగం మిగతా నాలుగింటిదే కాబట్టి ఎలా పాడాలో నాకు తెలుసు. తెలియకపోయి ఉంటే బాగుండేది.

నేను పగలు అవినాశి దగ్గర బనియన్ల కంపెనీలో చెకింగ్ చేస్తాను. సాయంత్రాలు కోయంబత్తూరు బృందం ఒకదానిలో సినిమా పాటలు పాడతాను. ఇరవై ఏళ్ళుగా ఇదే బతుకు. తమ్ముడు పట్టాళంలో చేరి తొమ్మిదేళ్ళు. వాడు మొదటిసారి బయలుదేరినప్పుడు అమ్మా నేనూ నాలుగు చరణాలు పాడాం. వాడు సెలవుకు వచ్చిన ప్రతిసారీ గడప దగ్గర అమ్మే ఐదోది పాడింది. అన్నేళ్ళ తర్వాత మా గడప ఆ మాటలు వింది.

సరిహద్దులో కాల్పులు మొదలైన రోజు నుంచి వాడి ఫోన్ పలకలేదు. అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. వార్తల వెనక వాయించే ఆ ధమధమలు భరించలేక శబ్దం తీసేసి బొమ్మలు మాత్రం చూసేది. ఏ సిపాయి మొహం కనపడినా ముందుకు వంగేది.

నాలుగో రోజు గుడి పండగలో మా కచేరీ. ఒప్పుకున్నది, మానడానికి లేదు. కమిటీ పెద్దలు వేదిక ఎక్కకముందే చెప్పారు, ఈసారి సోల్జర్ పాటలే కావాలని. పాడాను. ఆ పాటల్లో సిపాయికి ఆకలి వేయదు, ఒంటేలు రాదు, ఉత్తరం రాయాలని కూడా అనిపించదు. పళ్ళన్నీ బయటపెట్టి చంపుతాడు, లేదంటే జెండా కప్పుకుని నవ్వుతాడు. కుర్రాళ్ళు ఈలలు వేసి ఎగిరారు. మా తాత రోజుల్లో బఫూన్ నాలుగు నిజాలైనా చెప్పాడు. జరీ చీర కట్టుకుని నవ్వుతూ నిలబడిన నామీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు మా అనౌన్సర్, మంచివాడే, నోట్లో నువ్వు గింజ నానదు, మైకులో చెప్పేశాడు. ఈ అక్క తమ్ముడు ఇప్పుడు బార్డర్‌లో ఉన్నాడు, అక్కా, మీ ఇంటి పాట ఒకటి పాడండి అని. చప్పట్లు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, ఏడవడానికి చోటు లేక పాట ఎత్తుకున్నాను. జనంలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ముసలివాళ్ళు మాటలు పట్టుకున్నారు. నాలుగో చరణం అయ్యేసరికి ఈలలు ఆగిపోయాయి. కీబోర్డు అతను ముగింపు కోసం స్వరం పట్టుకుని నావైపు చూస్తున్నాడు. వేదిక మీద పాటను మధ్యలో వదలకూడదు, ఇరవై ఏళ్ళుగా ఒంటికి పట్టిన అలవాటు. ఐదోది పాడేశాను. అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున పక్కింటి అమ్మాయి ఫోన్ తెచ్చి, ఎవరో తీసిన నా పాట వీడియో అమ్మకు చూపించింది. నేను డ్యూటీకి బయలుదేరుతున్నాను. అమ్మ చివరిదాకా చూసి ఫోన్ తిరిగిచ్చింది.

"ఏమిటికే పాడితివి? వాడింకా రాలేదే."

"జనం ముందర అలా వచ్చేసిందమ్మా."

"రాకముందే వచ్చితివా అంటివే. ఇంక వాడు ఏమిటికి వస్తాడు?"

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట లేదు. ఇవన్నీ మూఢనమ్మకాలని నలుగురిలో ఎగతాళి చేసేదాన్ని నేనే. ఆ వారం మాత్రం బనియన్ల మీద కన్ను ఆనలేదు. చిరుగులున్నవి కూడా మంచివాటిలో వేసి సూపర్‌వైజర్‌తో తిట్లు తిన్నాను. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేమని మా అవ్వ వందసార్లు చెప్పింది. బస్సులో పెదవులు బిగించుకుని కూర్చునేదాన్ని. తమ్ముడికి ఏమైనా అయితే అది నా గొంతు చేసిన పనే అని నిజంగా నమ్మాను. ఈ గొంతు పోనీ, వాడు రానీ అని మొక్కుకున్నాను.

తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. తమ్ముడే.

"అమ్మా, బాగుండాను. ఆస్పత్రిలో ఉండాను, భయం లేదు. కాళ్ళూ చేతులూ అన్నీ ఉండాయి. సెలవు ఇస్తారు, వస్తాను" అని గట్టిగా, గడగడా చెప్పి పెట్టేశాడు.

అమ్మ ఫోన్ చేతిలో పట్టుకునే ఉంది. "తింటావుండావా అని అడుగుతానే ఉండాను, వినకనే పెట్టేసినాడే" అంది. ఆ మాట నాతోనే అంది. అంతకంటే నాకేం కావాలి, వెక్కి వెక్కి ఏడ్చాను.

మూడు వారాలకు వచ్చాడు. వీధి మొగలో ఆటో దిగి, సంచి భుజాన వేసుకుని, తన కాళ్ళమీద తానే నడిచి వచ్చాడు. చిక్కిపోయాడు. గడప బయట బూట్లు విప్పి నిలబడ్డాడు. అమ్మ చెంబుతో వచ్చి, వంగి కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ, తల ఎత్తకుండానే ఐదో చరణం పాడింది. మాటలన్నీ పలికింది. పాడి పక్కకు జరిగింది.

తమ్ముడు కదల్లేదు.

"ఇంకా పాడలేదేమ్మా?" అన్నాడు, వీధికంతా వినపడేలా.

అమ్మ తల ఎత్తింది. వాడి మొహంలోకి చూస్తూ మళ్ళీ పాడింది. వాడు ఆమె పెదవుల వంక చూశాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జేబులోంచి ఆస్పత్రి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. గుండు పక్కనే పేలి రెండు చెవులకూ వినికిడి పోయిందని అందులో ఉంది.

అమ్మకు చదివి చెప్పనక్కర్లేకపోయింది. చెంబు కింద పెట్టి నా జబ్బ పట్టుకుంది.

"నువ్వు పాడవే. నీ గొంతు పెద్దది గదా. ఊరందరికీ పాడినావు, వాడికి పాడు."

పాడాను. మైకు లేకుండా, నరాలు తెగేలా పాడాను. ఇళ్ళలోంచి అందరూ బయటికొచ్చారు. తమ్ముడు తడి కాళ్ళతో గడప బయట నిలబడి నా నోటి వంకే చూస్తున్నాడు. నా నోరు మూతపడ్డాక, పాట అయిపోయిందని తెలుసుకుని, లోపలికి అడుగు పెట్టాడు.